నీలగిరి తోపుల్లో రెండు జాతులు

చిత్తూరు జిల్లా పడమటి అంచున, కుప్పం, పలమనేరు ప్రాంతాల మెట్ట భూముల్లో పెరిగే నీలగిరి తోపులను జనం ఒకే రకం చెట్లుగా లెక్కిస్తారు గాని, వృక్షశాస్త్రజ్ఞులు దక్షిణాది మైదానాల తోపుల్లో ప్రధానంగా రెండు దగ్గరి జాతులను గుర్తిస్తారు. వాటిలో ఒకటి యూకలిప్టస్ టెరెటికార్నిస్, రెండోది యూకలిప్టస్ కమాల్డులెన్సిస్. ఊటీ కొండల చలిలో పెరుగుతూ, జలుబుకు వాడే తైలాన్నిచ్చే గ్లోబులస్ ఈ రెండింటికీ వేరైన జాతి.

రెండు జాతులకూ పుట్టినిల్లు ఆస్ట్రేలియాయే. టెరెటికార్నిస్ ఆ ఖండపు తూర్పు భాగంలోను, న్యూగినీ దక్షిణ ప్రాంతంలోను మైదానాల మీద, కొండవాలుల మీద పెరుగుతుంది. కమాల్డులెన్సిస్ లోతట్టు ఎండ ప్రాంతాల్లో ఏటి గట్లను ఆశ్రయించి, వరదనీరు కొన్నాళ్లు నిలిచినా, నేలలో కొంత చౌడు ఉన్నా తట్టుకుంటుంది. నున్నని బెరడు, సన్నని పొడవాటి ఆకులు రెండింటికీ ఉంటాయి కనుక, జాతిని తేల్చడానికి మొగ్గనూ గింజనూ పరిశీలించాలి. ఈ చెట్లలో పూరేకులు కలిసిపోయి మొగ్గమీద మూతగా ఏర్పడి, పువ్వు విచ్చేటప్పుడు ఊడి రాలిపోతాయి. ఈ మూత టెరెటికార్నిస్‌లో కొమ్ములా పొడవుగాను, కమాల్డులెన్సిస్‌లో సాధారణంగా పొట్టిగా, కొన మొనదేలిగాను ఉంటుంది. మొదటిదాని గింజ నల్లగా, రెండోదాని గింజ పసుపు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది.

అయితే తోపుల్లో ఈ హద్దులు తరచు చెరిగిపోతాయి. టిప్పు సుల్తాను కాలంలో, సుమారు 1790లో, నంది కొండపై నాటించినట్లు చెప్పే చెట్ల సంతతి మైసూర్ గమ్ పేరుతో దక్షిణాదిన వ్యాపించింది. అందులో టెరెటికార్నిస్ పాలు ఎక్కువైనా ఇతర జాతుల కలయిక కూడా ఉంది. కీటకాలు పుప్పొడిని మోసుకుపోవడంవల్ల దగ్గరి జాతులు సులభంగా సంకరమై, గింజ నుంచి వచ్చిన మొక్కలు ఎగుడుదిగుడుగా పెరుగుతాయి. ఈ లోపాన్ని తప్పించడానికే భద్రాచలం సమీపంలోని ఐటీసీ కాగితపు మిల్లు, మేలైన చెట్లను నరికి, మోడు నుంచి వచ్చిన చిగుళ్లకు వేరు పట్టించి, తల్లిచెట్టు గుణాలు మారని క్లోన్ మొక్కలను రైతులకు అందించింది.

నీటి విషయంలో మాత్రం జాతికన్నా నేలదే పెద్ద పాత్ర. బెంగళూరు దగ్గరి హోసకోటెలో జరిగిన పరిశోధనలో, లోతైన నేలలోని నీలగిరి చెట్ల వేర్లు ఏటేటా కిందికి దిగి, కురిసిన వానకన్నా ఎక్కువ నీటిని పీల్చినట్లు తేలింది. లోతు తక్కువైన నేలల్లో ఆ వాడకం వానను మించలేదు. కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించడానికి భూగర్భజలాల మీది ఆందోళనే కారణం. బోరుబావులే దిక్కైన చిత్తూరు మెట్టల్లో చౌడుకు, ముంపుకు తగిన జాతిని ఎంచుకోవడం రెండో పని. నేల ఎంత లోతుందో, పక్క పొలాల బావులు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోవడం మొదటి పని.