చెత్త నుంచి కరెంటు సరే.. మరి ఆ పొగ సంగతేంటి?

ఇంట్లో పోగైన చెత్తను డంపింగ్ యార్డులో పడేస్తే ఏమవుతుంది? తడి చెత్త కుళ్లి మీథేన్ గ్యాస్ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అందుకే చాలా నగరాలు చెత్తను కాల్చి కరెంటు తీస్తున్నాయి. హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్‌లోనూ అలాంటి ప్లాంటు ఉంది. అయితే కాల్చినా చిక్కు తప్పదు. టన్ను చెత్త కాలితే దాదాపు టన్ను కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది.

మరి ఆ గ్యాస్‌ను పొగ గొట్టం దగ్గరే పట్టుకోలేమా? నార్వే రాజధాని ఓస్లో ఇప్పుడు ఇదే పనిలో ఉంది. అక్కడి క్లెమెట్స్‌రుడ్ ప్లాంటు చెత్తను కాల్చి, ఆ వేడిని పైపుల ద్వారా ఇళ్లకు పంపిస్తుంది. కానీ నగరంలో అన్నిటికంటే ఎక్కువ కార్బన్ వదిలేది కూడా ఇదే. ఏడాదికి సుమారు 4 లక్షల టన్నులు. ఇందులో 3.5 లక్షల టన్నులు పట్టుకోవాలన్నది ప్లాన్.

పట్టుకోవడం ఎలా?

ముందు పొగను చల్లార్చి, అమైన్ అనే రసాయనం కలిపిన నీటి గుండా పంపుతారు. అది కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. తర్వాత ఆ నీటిని వేడి చేస్తే గ్యాస్ విడిపోతుంది. దాన్ని ద్రవంగా మార్చి ఓడల్లో పశ్చిమ తీరానికి తీసుకెళ్తారు. అక్కడి నుంచి పైపులైన్ ద్వారా ఉత్తర సముద్రం అడుగున సుమారు 2,600 మీటర్ల లోతులోని రాతి పొరల్లోకి ఎక్కిస్తారు.

ఇందులో మరో లాభం ఉంది. ఆ కార్బన్‌లో దాదాపు సగం కాగితం, చెక్క, తిండి వ్యర్థాల నుంచి వచ్చేదే. చెట్లు, పంటలు గాల్లోంచి తీసుకున్న కార్బన్ అది. దాన్ని భూమిలో దాచేస్తే గాల్లో ఉన్న కార్బన్ తగ్గినట్టే.

ఖర్చే అసలు సమస్య

ఈ పని చౌక కాదు. అమైన్ నీటిని వేడి చేయడానికే ప్లాంటు వేడిలో కొంత పోతుంది. ఖర్చు అంచనాలు పెరిగిపోవడంతో 2023లో ప్రాజెక్టును ఆపేశారు. ఖర్చు తగ్గించే మార్గాలు చూసుకుని 2025 జనవరిలో మళ్లీ మొదలుపెట్టారు. 2029లో పూర్తి చేయాలన్నది లక్ష్యం. 2009తో పోలిస్తే 2030 నాటికి కాలుష్యాన్ని 95 శాతం తగ్గిస్తామని ఓస్లో మాట ఇచ్చింది. ఈ ప్లాంటు సంగతి తేలకుండా ఆ మాట నిలబెట్టుకోవడం కష్టం.

భారత్ నెట్ జీరో లక్ష్యం 2070. ఇంత ఖరీదైన టెక్నాలజీ మన ప్లాంట్లకు రావాలంటే టైమ్ పడుతుంది. ఈలోగా చేయదగ్గ పని ఇంట్లోనే ఉంది. తడి చెత్త వేరు చేస్తే ఎరువవుతుంది. ప్లాస్టిక్ వేరు చేస్తే రీసైక్లింగ్‌కు పోతుంది. కాల్చే ప్లాస్టిక్ ఎంత తగ్గితే, పట్టుకోవాల్సిన పొగ అంత తగ్గుతుంది.