డీజిల్ లోకోలో లేనిది, హైబ్రిడ్ కారులో ఉన్నది

సికింద్రాబాద్ కేంద్రంగా 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలో మౌలాలి, కాజీపేట షెడ్ల నుంచి దశాబ్దాలపాటు బండ్లు లాగిన డీజిల్ లోకోలలో ఇంజను చక్రాలను నేరుగా తిప్పదు. 2600 అశ్వశక్తి గల డబ్ల్యూడీఎం-2 రకంలో 16 సిలిండర్ల ఇంజను జనరేటరును తిప్పగా, అక్కడ పుట్టిన విద్యుత్తు ఆరు ఇరుసుల ట్రాక్షన్ మోటార్లకు, అంటే చక్రాలను తిప్పే మోటార్లకు, చేరుతుంది. డీజిల్ ఇంజను కొంత వేగంతో తిరుగుతూ ఉంటేనే పనిచేస్తుంది, నిలిచి ఉన్న చక్రానికి నేరుగా తగిలిస్తే ఆగిపోతుంది. మోటారు మాత్రం కదలిక మొదలయ్యే క్షణంలోనే గట్టి టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, ఇస్తుంది కనుక నిండు గూడ్సును కదిలించే పని దానికే అప్పగించారు.

ఇంజను, మోటారు రెండూ ఉన్నంత మాత్రాన ఈ లోకోను హైబ్రిడ్ అనలేము. బ్రేకు వేసినప్పుడు దొరికే శక్తిని దాచుకునే చోటు ఉండడమే హైబ్రిడ్‌కు ప్రాణం. డైనమిక్ బ్రేకు వేసినప్పుడు లోకో మోటార్లే జనరేటర్లుగా మారి, బండి చలనాన్ని విద్యుత్తుగా మార్చుతూ వేగాన్ని తగ్గిస్తాయి గానీ, ఆ విద్యుత్తంతా నిరోధకాలలో వేడిగా మారి ఫ్యాను గాలికి పోతుంది. లాలాగూడ షెడ్డులోని డబ్ల్యూఏపీ-7 విద్యుత్ లోకోలు దాన్ని 25,000 వోల్టుల తీగలోకి తిరిగి పంపుతాయి. రోడ్డు మీద తీగ ఉండదు కనుక కారుకు బ్యాటరీ తప్పదు.

జపాన్‌లో 1997లో టయోటా విడుదల చేసిన ప్రియస్‌లో ఇంజను బలం ప్లానెటరీ గేర్ల వద్ద రెండుగా చీలుతుంది; ఒక పాయ నేరుగా చక్రాలకు, రెండోది జనరేటరు ద్వారా మోటారుకో బ్యాటరీకో వెళ్తుంది. 2003 నాటి రెండో తరం ప్రియస్ బ్యాటరీ సామర్థ్యం సుమారు 1.3 యూనిట్లే; ఇది అల్పంగా తోచవచ్చు గానీ, 1500 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దాని గతిశక్తి 0.06 యూనిట్లకు మించదు, అందులోనూ తిరిగి దక్కేది కొంతే. ప్యారడైజ్ కూడలి వంటి చోట ఆగుతూ సాగే ప్రయాణంలో ఈ చిన్న మొత్తాలే పోగుపడి ఇంధనాన్ని మిగులుస్తాయి. బ్రేకు అరుదుగా పడే నాగ్‌పూర్ రహదారిలో ఆ లాభం బాగా తగ్గుతుంది. శ్రీశైలం ఘాట్‌లో కృష్ణ వైపు దిగేటప్పుడు బ్యాటరీ నిండిపోతే, కారులోని కంప్యూటరు మిగులు విద్యుత్తుతో ఇంజనును ఇంధనం లేకుండానే తిప్పించి, కావాలనే ఆ శక్తిని ఖర్చు చేయిస్తుంది.