వీర్యకణం: జాతికో కొలత

ఎదకు వచ్చిన ఆవుకు సూది వేయించడం పల్లెల్లో మామూలు మాట. కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర ద్రవ నత్రజని క్యానులోంచి సన్నని స్ట్రాను తీసి, 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచుతాడు. మైనస్ 196 డిగ్రీల చలిలో బిగుసుకుపోయిన కణాలు ఆ కాస్తలోనే మళ్లీ ఈదడం మొదలుపెడతాయి. పావు మిల్లీలీటరు పట్టే స్ట్రాలో దాదాపు 2 కోట్ల వీర్యకణాలుంటాయి. కరిగాక వాటిలో కనీసం సగం చురుగ్గా కదలాలని నియమం. చూడి నిలవకపోతే నింద ఆవు మీదికే పోతుంది గానీ ఆంబోతును శంకించేవారు తక్కువ.

గడ్డకట్టినా కణం చావకుండా కాపాడేది గ్లిజరాల్. 1949లో ఇంగ్లండులో క్రిస్ పోల్జ్ బృందం కోడిపుంజు వీర్యంతో ప్రయోగాలు చేస్తుండగా, సీసాల లేబుళ్లు తారుమారై ఈ గుణం బయటపడింది. పంది వీర్యం మాత్రం చలికి అంతగా తట్టుకోదు. దాన్ని 17 డిగ్రీల దగ్గర ఉంచి కొద్ది రోజుల్లోనే వాడేస్తారు.

సూక్ష్మదర్శిని కింద ముఖ్యంగా చూసేవి సంఖ్య, చలనం, రూపం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మాన్యువల్ ప్రకారం మగవాళ్లకు మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు కింది హద్దు. వింతేమిటంటే, సరైన రూపమున్నవి 4 శాతం ఉన్నా చాలు. ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన మగవాళ్లను పరిశీలించి, వారిలో అట్టడుగు 5 శాతం మందిని వదిలేసి గీసిన గీత అది. కాబట్టి రిపోర్టు చూడగానే పిల్లలు పుట్టరని తేల్చేయడం తొందరపాటే. ఆంబోతు దగ్గర అంత ఉదారం లేదు. సాధారణంగా 70 శాతం కణాలైనా సవ్యంగా లేకపోతే పశువైద్యులు దాన్ని పక్కన పెడతారు.

జాతుల మధ్య తేడాలకు పోటీ ఒక పెద్ద కారణం. గొరిల్లా మందలో ఆడవాటిపై సాధారణంగా ఒక్క మగదానిదే పెత్తనం. 150 కిలోలు దాటే ఆ భారీ జంతువు వృషణాలు రెండూ కలిపి 30 గ్రాములే. చింపాంజీ ఆడది పలు మగవాటితో కలుస్తుంది. అక్కడ అసలు పోటీ వీర్యకణాల మధ్యే. అందుకే గొరిల్లా బరువులో మూడో వంతు కూడా లేని చింపాంజీకి వృషణాలు దాదాపు 120 గ్రాములు. డ్రోసోఫిలా బైఫర్కా అనే ఈగ మరో దారి పట్టింది. మూడు మిల్లీమీటర్ల ఆ ఈగ వీర్యకణాన్ని చుట్ట విప్పి సాగదీస్తే 5.8 సెంటీమీటర్లు!

రక్తసంబంధం మరీ దగ్గరైతే వీర్యం దెబ్బతింటుంది. చీతాల కణాల్లో 70 శాతం దాకా వికృతంగా ఉన్నట్లు 1983లో వెల్లడైంది. ప్యూమా జాతివే అయిన ఫ్లోరిడా పాంథర్లలో ఈ లోపం ఇంకా ఎక్కువ. 1995లో టెక్సాస్ నుంచి 8 ఆడ ప్యూమాలను తెచ్చి వదిలాక, వాటికి పుట్టిన సంతానంలో వీర్యం మెరుగుపడింది.

వేడి మరో శత్రువు. చాలా క్షీరదాల్లో వృషణాలు ఒంటి వేడికన్నా 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉండాలి. మనిషిలో కణం తయారీకి సుమారు 74 రోజులు, ఆంబోతులో 61 రోజులు పడుతుంది. అందుకే తీవ్ర జ్వరం తగ్గిన వారాల తర్వాత కూడా పరీక్షలో దాని జాడ కనిపిస్తుంది. ఎండాకాలంలో ముర్రా దున్నల వీర్యం పలచబడడమూ ఇందువల్లే.

1973-2018 మధ్య మగవాళ్లలో వీర్యకణాల సాంద్రత సగానికి పడిపోయిందని హగాయ్ లెవిన్ బృందం 2022లో లెక్కగట్టింది. పాత లెక్కింపు పద్ధతులను కొత్తవాటితో పోల్చడం కుదరదని వాదించేవాళ్లూ ఉన్నారు. ఆ వాదనకు లొంగని ఆధారం కుక్కల్లో దొరికింది. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకే ప్రయోగశాలలో, ఒకే పద్ధతిలో 26 ఏళ్లు కుక్కల వీర్యం పరీక్షించారు. చలనం 30 శాతం తగ్గింది. వాటి వృషణాల్లోనూ, అవి తినే తిండిలోనూ వీర్యకణాలకు హాని చేసే పరిశ్రమల రసాయనాలు కనిపించాయి.