పాత బండి ఎక్కడ మొరాయిస్తుంది?

1983 డిసెంబరులో మారుతి 800 కారు, ఆ మరుసటి ఏడాది అదే 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్‌తో మారుతి వ్యాన్ మన రోడ్ల మీదికి వచ్చాయి. తర్వాత ఓమ్నిగా పేరు మారిన ఆ వ్యాన్ తయారీ 2019లో నిలిచిపోయింది. కారు తయారీ 2014లోనే ఆగింది. అయినా బడిపిల్లల్ని దింపే వ్యాన్లు, కేటరింగ్ గిన్నెలు మోసే వ్యాన్లు, సంతలకు బట్టల మూటలు చేరవేసే వ్యాన్లు తెలుగు జిల్లాల్లో ఇవాళ్టికీ తిరుగుతూనే ఉన్నాయి. సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆపైన తనిఖీలో నెగ్గితే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. ఆ గడువు దాటిన బండ్ల మీద ఆధారపడి బతుకుతున్న కుటుంబాలున్నాయి. పొద్దున్నే బండి కదలకపోతే ఆ రోజు కూలి పోయినట్టే.

అలాంటి బండి మొండికేసినప్పుడు చాలాచోట్ల జరిగేది ఒకటే. అనుమానం వచ్చిన భాగాన్నల్లా మార్చుకుంటూ పోతారు. ముందు బ్యాటరీ, ఫలితం లేకపోతే సెల్ఫ్ మోటారు, అదీ కాకపోతే నిప్పురవ్వకు కరెంటు పంపే కాయిల్. చివరికి ఏదో ఒకటి తగిలి బండి స్టార్ట్ అవుతుంది గాని, అసలు లోపం ఏమిటో ఎవరికీ తెలియదు. కొన్నాళ్లకు అదే లోపం మళ్లీ వస్తుంది.

పాత వాహనంలో బరువైన ఇనుప భాగాలు అంత తొందరగా పాడవవు. క్రాంక్‌షాఫ్టు, గేర్లు ఆయిల్ తడిలో ఉన్నంతకాలం ఏళ్ల తరబడి పనిచేస్తాయి. ముందుగా దెబ్బతినేవి మూడు: లోహాలు కలిసే అతుకులు, రబ్బరు భాగాలు, ద్రవాలు. అతుకుల మీద ఆక్సైడు పొర పేరుకుంటుంది. రబ్బరు వేడికి గట్టిపడి పగులుతుంది. ద్రవాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి, లేదా తమలోని రక్షక రసాయనాలను కోల్పోతాయి. బండి నడిచినా, షెడ్డులో ఊరికే నిలబడినా ఈ మార్పులు ఆగవు. కాబట్టి వెతుకులాట కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి. ఈ మూడూ చవకైనవి, అందుబాటులో ఉండేవి, కొలిచి నిర్ధారించుకోగలిగేవి.

సెల్ఫ్ తీసుకోనప్పుడు

తాళం తిప్పితే ‘టక్’ మని ఒక్క శబ్దం వచ్చి ఊరుకుంటుంది. హెడ్‌లైట్లు మాత్రం బాగానే వెలుగుతాయి. లైట్లు వెలుగుతున్నాయి గనక బ్యాటరీ వైపు అంతా సవ్యంగా ఉందనీ, సెల్ఫ్ మోటారే కాలిపోయిందనీ తేల్చేస్తారు. ఈ తర్కంలోని లోపాన్ని ఓమ్ సూత్రం చూపిస్తుంది.

బ్యాటరీ టెర్మినల్‌కూ దాన్ని పట్టుకున్న క్లాంపుకూ మధ్య తెల్లగా, పచ్చగా పేరుకున్న పొర 0.02 ఓమ్‌ల నిరోధం కలిగిస్తోందనుకుందాం. రెండు హెడ్‌లైట్లు కలిసి తీసుకునే కరెంటు దాదాపు 10 ఆంపియర్లు. ఆ అతుకు దగ్గర పోయేది 0.2 వోల్టు మాత్రమే, కంటికి తేడా తెలియదు. సెల్ఫ్ మోటారుకు చిన్న ఇంజన్‌లోనూ 100 ఆంపియర్ల దాకా కావాలి. అంత కరెంటు పారితే అదే అతుకు దగ్గర 2 వోల్టులు పోతాయి, 200 వాట్ల వేడి పుడుతుంది. మోటారుకు చేరేది ఇంజన్‌ను తిప్పడానికి చాలదు. అలాంటప్పుడు టెర్మినల్ ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది.

దీన్ని పట్టుకోవడానికి మామూలు మల్టీమీటరు చాలు. ముందు బ్యాటరీ వోల్టేజి చూడాలి. పూర్తిగా చార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ కాసేపు వాడకుండా ఉంచితే 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 చూపితే సగం ఖాళీ అయినట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనపడింది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య రాకపోతే ఆల్టర్నేటర్‌నో, రెగ్యులేటర్‌నో అనుమానించాలి. ఆ తర్వాత మీటరు ఒక కొనను బ్యాటరీ సీసపు మొన మీద, రెండోదాన్ని క్లాంపు మీద ఉంచి, మరొకరిని తాళం తిప్పమనాలి. సవ్యమైన అతుకు దగ్గర మీటరు దాదాపు సున్నా చూపుతుంది. ఇంజన్‌ను బాడీకి కలిపే ఎర్త్ తీగ దగ్గరా ఇలాగే కొలవాలి. పాత బండ్లలో ఎక్కువమంది మరిచిపోయే అతుకు అదే.

శుభ్రం చేసేటప్పుడు ముందు నెగటివ్ తీగనే విప్పాలి. వేడినీళ్లలో తినేసోడా కలిపి కడిగి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, బిగించాక పైన వాజిలిన్ రాస్తే చాలు. చాలా ‘చచ్చిపోయిన’ సెల్ఫ్ మోటార్లు ఈ మాత్రం పనికే ప్రాణం పోసుకుంటాయి.

మిస్సింగ్, పికప్ లేకపోవడం

పెట్రోలు ఇంజన్ నడవాలంటే సరైన పాళ్లలో ఇంధనం, గాలి, సమయానికి నిప్పురవ్వ, సిలిండర్లో తగినంత ఒత్తిడి కావాలి. బండి మిస్సింగ్ కొడితే వీటిలో ఏది లోపించిందో ముందు తేల్చుకోవాలి. స్పార్క్ ప్లగ్గు విప్పి దాని మొన చూడడం ఇందుకు మంచి మార్గం. లేత గోధుమరంగు ఆరోగ్యానికి గుర్తు. పొడిగా నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ కాలుతోంది. తడిగా నల్లని జిడ్డు ఉంటే సిలిండర్లోకి ఆయిల్ చేరుతోంది. తెల్లగా పొక్కులు లేస్తే ఆ సిలిండరు మితిమీరి వేడెక్కుతోంది. మూడు ప్లగ్గుల్లో ఒక్కటే వేరుగా ఉంటే లోపం ఆ సిలిండరుది. మూడూ ఒకేలా ఉంటే కార్బొరేటరు, ఎయిర్ ఫిల్టరు లాంటి ఉమ్మడి భాగానిది.

ఎండాకాలంలో ఇంకో ఇబ్బంది ఉంది. బండి బాగా నడిచి, కాసేపు ఆగి, మళ్లీ స్టార్ట్ కాదు. అరగంట తర్వాత ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. పెట్రోలు ఒకే పదార్థం కాదు, అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. అందులోని తేలిక భాగాలు 40 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలోనే మరగడం మొదలుపెడతాయి. ఓమ్నిలో ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది, నిలిపిన బండిలో ఆ వేడి బయటికి పోదు. పైపులో పెట్రోలు ఆవిరైతే పంపు ఆ ఆవిరిని నొక్కుతుందేగాని ద్రవాన్ని ముందుకు తోయలేదు. అయితే వేడెక్కిన కాయిల్ కూడా సరిగ్గా ఇవే లక్షణాలు చూపగలదు. బండి ఆగిన ఆ క్షణంలోనే ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ వస్తోందో లేదో చూడాలి. రవ్వ ఉండి పెట్రోలు అందకపోతే ఆవిరి సమస్య, రవ్వే లేకపోతే కాయిల్ సమస్య. చల్లారాక చేసే పరీక్ష వల్ల ఉపయోగం లేదు. ఈ పరీక్ష చేసేచోట పెట్రోలు కారుతూ ఉండకూడదన్నది మరువరాదు.

20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20 పెట్రోలు వచ్చాక పాత బండ్ల యజమానుల్లో ఆందోళన పెరిగింది. ఇక్కడ లోపాన్నీ సహజ మార్పునీ వేరుచేసి చూడాలి. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి మిశ్రమంలో 6 నుంచి 7 శాతం శక్తి తగ్గుతుంది. మైలేజీ ఆ మాత్రం తగ్గితే అది మరమ్మతు చేయాల్సిన లోపం కాదు. మరో సంగతి: కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఆక్సిజన్ సెన్సర్ ఉండి, కార్బొరేటరు బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ ఇంజన్ ఈ తేడాను చాలావరకు సర్దుకుంటుంది. జెట్ రంధ్రం కొలత మారని కార్బొరేటరుకు ఆ వీలు లేదు. అందుకే చలిపొద్దున స్టార్టింగ్ కష్టమవుతుంది, యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్ తడబడుతుంది. అసలు జాగ్రత్త రబ్బరు విషయంలో కావాలి. పాతకాలపు రబ్బరు పైపులు, సీళ్లు ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడతాయి. ఏళ్లనాటి పైపులు తీసేసి, ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించడం అత్యవసరం. బండిలో పెట్రోలు వాసన వస్తే ఆ రోజు దాన్ని నడపకూడదు.

గ్యాస్ మీద నడిచే వ్యాన్ల గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఎల్పీజీ గాలి కంటే బరువైనది. కారిన గ్యాస్ పైకి పోకుండా వ్యాన్ అడుగున పేరుకుంటుంది. వంటింటి సిలిండరును వ్యాన్‌లో పెట్టి నడపడం చట్టవిరుద్ధం, పైగా లోపల కూర్చున్నవారి ప్రాణాలతో ఆడుకోవడం.

ఇంజన్ హీటెక్కడం

పెట్రోలు కాలితే వచ్చే శక్తిలో ఇంచుమించు మూడో వంతు చక్రాలను తిప్పే పనికి పోతుంది. మరో వంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలిన దానిలో ఎక్కువ భాగాన్ని రేడియేటరే బయటికి పంపాలి. ఈ పనిలో అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది రేడియేటరు మూత. అది లోపలి ఒత్తిడిని వాతావరణం కంటే సుమారు 0.9 బార్ ఎక్కువగా నిలుపుతుంది. ఆ ఒత్తిడిలో నీరు 118 డిగ్రీల దాకా మరగదు. మూతలోని రబ్బరు వాషరు గట్టిపడితే ఒత్తిడి నిలవదు, నీరు 100 డిగ్రీలకే మరిగి పొంగిపోతుంది. ఇంజన్ వేడిగా ఉండగా మూత తీయకూడదనడానికి కారణమూ ఇదే. ఒత్తిడి తగ్గిన మరుక్షణం ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతుంది.

బండి ఎప్పుడు హీటెక్కుతోందో గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది. ట్రాఫిక్‌లో నిలిచినప్పుడే అయితే ఫ్యానునో, దాని స్విచ్చినో చూడాలి. హైవే మీద వేగంగా పోతున్నప్పుడు అయితే రేడియేటరు గొట్టాలు పూడుకుపోయి ఉండవచ్చు. ఇంజన్ కాగిపోతున్నా పై హోస్ పైపు చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకునే ఉండిపోయింది. దాన్ని తీసి పారేస్తే సరిపోతుందని చాలా షెడ్లలో అంటారు. మైనం వ్యాకోచంతో దాదాపు 82 డిగ్రీల దగ్గర తెరుచుకునే ఆ చిన్న కవాటం లేకపోతే ఇంజన్ పనిచేయాల్సిన వేడికి ఆలస్యంగా చేరుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్ల అరుగుదల పెరుగుతుంది. తీసేసినచోట కొత్తది వేయడమే సరైన మరమ్మతు.

బోరునీళ్లు పోయడం మరో పెద్ద తప్పు. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి గొట్టాల లోపల గారగా పేరుకుంటాయి. ఆ గార ఉష్ణవాహకత అల్యూమినియంతో పోలిస్తే సుమారు నూరో వంతు. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన కూలెంట్ గారను ఆపుతుంది, తుప్పునూ ఆపుతుంది.

హీటెక్కిన ఇంజన్‌ను అలాగే నడిపితే అసలు నష్టం అప్పుడు మొదలవుతుంది. అల్యూమినియం వేడికి పోతఇనుము కంటే రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుకే అల్యూమినియం హెడ్డు వంకరపోయి, మధ్యలోని గాస్కెట్ పోతుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకు మారడం, రేడియేటరులో బుడగలు రావడం, పొగగొట్టం నుంచి ఆగకుండా తెల్లటి పొగ రావడం దీని గుర్తులు. వేడి చూపే ముల్లు గీత దాటగానే బండి ఆపిన డ్రైవరు ఒక మూత ఖర్చుతో బయటపడతాడు. ఇల్లు చేరేదాకా నడిపినవాడు హెడ్డు మొత్తం విప్పించాల్సి వస్తుంది.

బ్రేకు

మూసి ఉన్న ద్రవం మీద కలిగించిన ఒత్తిడి అన్ని దిశలకూ సమానంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ సూత్రం మీదే హైడ్రాలిక్ బ్రేకు నడుస్తుంది. మనం బ్రేక్ ఆయిల్ అనే ఆ ద్రవం గ్లైకాల్ జాతి రసాయనం, తేమను పీల్చుకోవడం దాని స్వభావం. కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి దిగిపోతుంది.

అరకు నుంచి శృంగవరపుకోట వైపు దిగే ఘాట్ రోడ్డు లాంటి చోట దీని ఫలితం కనిపిస్తుంది. నిండు లోడుతో 1200 కిలోలున్న వ్యాన్ నిలువుగా 700 మీటర్లు దిగితే 82 లక్షల జౌళ్ల శక్తి విడుదలవుతుంది. ఇది 28 లీటర్ల మామూలు నీటిని మరిగే స్థాయికి తెచ్చేంత వేడి. రెండో గేరులో దిగితే ఇందులో చాలా భాగాన్ని ఇంజనే ఆపుకుంటుంది. న్యూట్రల్‌లో దిగితే దాదాపు మొత్తం బ్రేకుల మీదే పడుతుంది. ద్రవంలోని తేమ ఆవిరైతే, ఆవిరి ఒత్తిడికి కుంచించుకుపోతుంది గనక పెడల్ నేలకు అంటుకుంటుంది. బ్రేకు ఉండదు.

పెడల్ మెత్తగా ఉండి, పంప్ చేస్తే గట్టిపడితే పైపుల్లో గాలి చేరింది. తొక్కిపట్టినప్పుడు నెమ్మదిగా కిందికి జారితే మాస్టర్ సిలిండర్ సీలు పోయింది. బండి ఒక పక్కకు లాగితే ఒక చక్రం దగ్గర వీల్ సిలిండర్ కారుతూ ఉండవచ్చు. రెండేళ్లకోసారి ద్రవం మార్పించాలి. చేతిలో ఉంది కదా అని ఇంజన్ ఆయిల్ పోయడం ప్రాణాంతకం. ఆ నూనెకు బ్రేకు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి.

కొలత, క్రమం, హద్దు

ఈ సమస్యలన్నిటికీ పద్ధతి ఒకటే. లక్షణం ఎప్పుడు, ఎలాంటి స్థితిలో కనిపిస్తోందో రాసుకోవాలి. అందుకు కారణం కాగలవాటిని వరసగా పేర్చుకోవాలి. చవకైనవాటిని, చేతికి అందేవాటిని ముందు పరీక్షించాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితం చూశాకే రెండోదానికి పోవాలి. ఒకేసారి మూడు భాగాలు మారిస్తే బండి బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. మార్చిన పాత భాగాన్ని చూపించమని, ఎందుకు మార్చారో చెప్పమని యజమాని అడగాలి. మంచి మెకానిక్ ఆ ప్రశ్నను గౌరవంగానే తీసుకుంటాడు.

మరమ్మతుకు హద్దు కూడా ఉంది. ఇనుము కూడా చివరికి ఓడిపోతుంది, తుప్పు చేతిలో. అల్యూమినియం మీద పట్టే ఆక్సైడు పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు అలా కాదు, ఉబ్బి పెచ్చులుగా రాలి లోపలికి దారి ఇస్తూనే ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల ఉప్పుగాలిలో ఇది మరింత వేగంగా సాగుతుంది. చాసిస్ పట్టీలు, వెనక పట్టీ స్ప్రింగులు బిగించే చోట్లు, సీటు బెల్టు బోల్టులు ఉండే చోట్లు స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. మొన లోపలికి దిగితే, పైన రేకు వెల్డింగ్ చేసి రంగు పూయడం మోసమే అవుతుంది. ఆ వ్యాన్‌లో రేపు కూర్చునేది బడిపిల్లలు.

మన ఐటీఐల్లోనూ ఆటోనగర్ షెడ్లలోనూ పని నేర్చుకునే కుర్రవాళ్ల చేతికి స్పానరుతో పాటు మల్టీమీటరు కూడా ఇవ్వాలి. విప్పే ముందు కొలవడం వాళ్లకు అలవాటు కావాలి. పదిమంది పాతసామాను కింద అమ్మేయమన్న బండిని ఒక చిన్న వాషరుతో నిలబెట్టడానికీ, అందరూ నడుస్తుందన్న బండిని ఇక రోడ్డెక్కించవద్దని ధైర్యంగా చెప్పడానికీ కావలసింది ఆ ఒక్క నైపుణ్యమే.