ముందు ఆర్‌సీ బుక్కు.. ఆ తర్వాతే యెజ్డీ!

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా ఏ పల్లెలోకి వెళ్లినా పశువుల కొట్టంలోనో, పాత మిద్దె వసారాలోనో ఒక మోటార్‌సైకిల్ గోనెపట్టా కప్పుకుని ఉండొచ్చు. పట్టా తీసి చూడండి. సిలిండర్ ఒకటే, సైలెన్సర్లు మాత్రం రెండు. ఎడమ కాలి దగ్గర ఒకే కడ్డీ. లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్, కిందికి దించితే అదే గేర్. అది యెజ్డీ. మా నాయన తరం వాళ్లకి దాని చప్పుడు వినపడితే చాలు, వచ్చేది ఎవరో మనిషి కనపడకముందే చెప్పేసేవాళ్లు.

మా వైపు ఈ బండ్లు ఇన్ని ఉండటానికి కారణం సులభం. కర్ణాటక పక్కనే. బండి పుట్టింది మైసూరులో. చెకోస్లొవేకియా జావా కంపెనీ సాంకేతికతతో రుస్తుం ఇరానీ, ఫరూక్ ఇరానీ పెట్టిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961లో అక్కడ మొదలైంది. 1973 నుంచి బండి పేరు యెజ్డీ అయింది. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. ‘ఫరెవర్ బైక్, ఫరెవర్ వాల్యూ’ అని ప్రకటనలిచ్చేవాళ్లు. 1980ల మధ్యలో హీరో హోండా, ఆర్ఎక్స్ 100 లాంటి తేలికపాటి 100 సీసీ బండ్లు వచ్చాక లెక్క మారింది. మైలేజీ చూసుకునేవాడు 250 సీసీ టూస్ట్రోక్ ఎందుకు కొంటాడు? 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. అయినా పాల క్యాన్లు, టమోటా బుట్టలు, పట్టుగూళ్ల మూటలు మోసిన బండ్లు మాత్రం పల్లెల్లో మిగిలిపోయాయి.

ఇప్పుడు వాటికి మళ్లీ గిరాకీ. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లతో కొత్త బండ్లు వచ్చాయి. అవి ఫోర్‌స్ట్రోక్. వాటిని చూసిన కుర్రాళ్లు ‘అసలుది’ ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టారు. జూలై రెండో ఆదివారం జావా డే రోజున బెంగళూరులో ఒకసారి నిలబడి చూడండి, ఆ పొగలో సగం మంది నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లే ఉంటారు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు మదనపల్లె వస్తుంటాను. ఒక బండి కొని బాగు చేయించుకోవడానికి నాకు దాదాపు ఎనిమిది నెలలు పట్టింది.

మొదట చూసింది కుప్పంలో. ఎర్ర రంగు, అద్దంలా మెరుస్తోంది, ఒక్క కిక్కుకే స్టార్ట్ అయింది. 85 వేలు చెప్పారు. ఆర్‌సీ అడిగితే ‘యాడనో పోయింది సార్, తీసియొచ్చులే’ అన్నాడు అమ్మే ఆయన. హ్యాండిల్ కింద ఛాసిస్ నంబరు కొట్టి ఉంటుంది. అక్కడ వేలు పెట్టి తడిమితే గ్రైండర్ తిప్పినట్టు పల్లంగా తగిలింది. రంగు కూడా అక్కడే మందంగా ఉంది. టీ తాగి వచ్చేశాను.

రెండోది పుంగనూరు దగ్గర పల్లెలో. చూడ్డానికి బండిలా కూడా లేదు. టైర్లు మట్టిలో కూరుకుపోయాయి, సీటులో ఎలుకలు కాపురం పెట్టాయి. కిక్ కొడదామంటే కడ్డీ కదలదు, ఇంజిన్ పట్టేసింది. పాత ఇనుము కొనేవాడు కిలోల లెక్కన బేరమాడి అప్పటికే రెండుసార్లు వచ్చి పోయాడట. అయితే ఆ ఇంటాయన లోపలికెళ్లి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఆర్‌సీ బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టాడు. 1991 బండి, కోలారు రిజిస్ట్రేషన్, కేఏ 07. వాళ్ల నాయన పేరుమీద ఉంది. ఐదేళ్లకోసారి చేయించాల్సిన రెన్యువల్ 2022లో చేయించారు, ఇంకా గడువుంది. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు రెండూ బుక్కుతో సరిపోయాయి. 32 వేలకు బేరం కుదిరింది.

స్నేహితులు నవ్వారు. నడిచేది వదిలేసి నడవనిది కొన్నావేందిరా అని. కానీ లెక్క వేరు. తుప్పు పట్టిన బండిని డబ్బు పెడితే నడిపించొచ్చు. కాగితం లేని బండికి ఎంత పెట్టినా అది మన పేరుమీదికి రాదు. అది దొంగబండి అయ్యుంటే పోలీస్ స్టేషన్ మెట్లెక్కేది కొన్నవాడే.

ఇలాంటి బండి కొనేవాళ్లకు కాగితాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఓనరు చనిపోయి ఉంటే ముందు వారసుడి పేరుకు మారాలి. దానికి ఫారం 31, డెత్ సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకారం కావాలి. తర్వాత అమ్మకానికి ఫారం 29, 30. బండి పక్క రాష్ట్రానిదైతే అక్కడి ఆర్టీఓ దగ్గర ఫారం 28తో ఎన్ఓసీ తీసుకోవాలి, ఇక్కడికొచ్చి ఫారం 27 పెట్టి కొత్త నంబరు తెచ్చుకోవాలి, ఇక్కడి ట్యాక్స్ కట్టాలి. పాత బుక్కుల వివరాలు చాలాచోట్ల కంప్యూటర్‌లో ఉండవు. ముందు అవి ఎక్కించుకోవాలి. నాకు ఎక్కువ రోజులు తిన్నది ఈ పనే. డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వకండి. కొంత అడ్వాన్స్ ఇచ్చి, కాగితం చేతికొచ్చాక మిగతాది ఇవ్వండి. గడువు దాటిన ఆర్‌సీ అయితే టూవీలర్‌కు ఆలస్యమైన ప్రతి నెలకూ 300 రూపాయల చొప్పున అదనం పడుతుంది. 20 ఏళ్లు దాటిన టూవీలర్ రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 2,000 చేసింది. ‘వింటేజ్ కింద రాయించుకోవచ్చులే’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. 2021 నిబంధన ప్రకారం బండికి 50 ఏళ్లు నిండాలి, అలా రాయించుకుంటే రోజూ తిరగడానికి కుదరదు కూడా.

ఇక ఇంజిన్ దగ్గరికొద్దాం. మదనపల్లెలో ఈ బండ్లు తెలిసిన మేస్త్రీ ఒకాయన ఉన్నారు. వయసు డెబ్బైకి దగ్గర. అందరికీ ఆయన భాయ్. రేకుల షెడ్డు, బోర్డు లేదు. ఆటోలోంచి బండి దించగానే ఆయన ఇంజిన్ వైపు చూడలేదు. ‘ఆర్‌సీ ఉండాదా నాయనా?’ అన్నారు. చూపించాకే పానా తీశారు.

ఇంజిన్ ఎందుకు పట్టేసిందో ఆ ఇంటాయన ముందే చెప్పాడు. టూస్ట్రోక్‌లో ఇంజిన్‌కి వేరే ఆయిల్ ఉండదు. పెట్రోల్‌లో కలిపి పోసే ఆయిలే పిస్టన్‌నూ, బేరింగులనూ కాపాడుతుంది. ఒకప్పుడు ప్రతి బంకులో టూటీ ఆయిల్ పంపు ఉండేది, అడక్కుండానే కలిపేవాళ్లు. ఇప్పుడు అవి పోయాయి. వాళ్లింటికొచ్చిన చుట్టాల అబ్బాయి ఉట్టి పెట్రోల్ పోయించుకుని పలమనేరు రోడ్డెక్కాడు. కొన్ని కిలోమీటర్లకే బండి కీచుమని నిలబడిపోయింది. తర్వాత మూడేళ్లు వానకు తడిసింది.

భాయ్ ప్లగ్ విప్పి సిలిండర్లోకి డీజిల్ పోసి వదిలేశారు. ఒకరోజు కాదు, పది రోజులు. సుత్తితో కొడితే ఐదు నిమిషాల పని కదా అంటే, ‘కొడితే పిస్టన్ వస్తాది, దాంతోపాటు రాడ్డు వంగుతాది, క్రాంకు పోతాది. మూడేళ్లు పడుకున్నెది, పది దినాలు ఓర్చుకోలేవా?’ అన్నారు. పదకొండో రోజు కడ్డీ మెల్లగా కదిలింది.

బోరు గోడమీద గోరుతో గీకినట్టు గీతలు. లేత్‌లో బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయాల్సి వచ్చింది. కనెక్టింగ్ రాడ్ అడుగు బేరింగ్ అరిగిపోయింది. క్రాంక్‌ను ప్రెస్ మీద విడదీసి, కొత్త రాడ్ వేసి, మళ్లీ తిన్నగా నిలబెట్టాలి. ఇంత ఖర్చుపెట్టి చాలామంది వదిలేసేది చిన్న రబ్బరు వస్తువు, ఆయిల్ సీల్. టూస్ట్రోక్‌లో పెట్రోల్, గాలి మిశ్రమం ముందు క్రాంక్‌కేసులోకే వస్తుంది, అక్కడ ఒత్తిడికి లోనై పైకెళ్తుంది. సీల్ చీలితే బయటి గాలి దూరుతుంది, ఇంజిన్ వేడెక్కిపోతుంది. క్లచ్ వైపు సీల్ పోతే గేర్‌బాక్స్ ఆయిల్‌ను లోపలికి పీల్చి తెల్లటి పొగ కక్కుతుంది. ‘పొగ ఎక్కువ’ అని జనం కార్బురేటర్ మారుస్తా ఉంటారు, పాపం దాని తప్పేమీ ఉండదు.

స్పేర్ల కోసం బెంగళూరు జేసీ రోడ్డు, శివాజీనగర్ గుజిరీ ఆరు వారాలు తిరిగాను. కొత్త డబ్బాలో వచ్చేదంతా కొత్తది కాదు, మంచిదీ కాదు. ఒక పిస్టన్ తీసుకెళ్తే భాయ్ అరచేతిలో పెట్టి తూచి తిరిగి ఇచ్చేశారు. గుజిరీలో దొరికిన పాత గేర్ మాత్రం కళ్లకద్దుకున్నారు.

నాకు అన్నిటికంటే నచ్చింది టైమింగ్ పెట్టడం. పిస్టన్ పైకొచ్చేందుకు ఇంకా కొన్ని మిల్లీమీటర్లు ఉండగా పాయింట్లు విడివడి ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టాలి. భాయ్ దగ్గర గుర్తులు గీసిన సైకిల్ పుల్ల ఉంది. దాన్ని ప్లగ్ రంధ్రంలోంచి పిస్టన్ మీద నిలబెట్టారు. పాయింట్ల మధ్య బీడీకట్ట మీది పల్చటి కాగితం ఇరికించి మెల్లగా లాగుతూ ఇంజిన్ తిప్పారు. కాగితం జారిన క్షణమే పాయింట్ విడిపోయిన క్షణం. అప్పుడు పుల్లమీద గుర్తు ఎక్కడుందో చూస్తారు. తేడా ఉంటే ప్లేటు వెంట్రుకవాసి తిప్పుతారు. మళ్లీ కాగితం. మళ్లీ పుల్ల. నేను రోజూ ఆఫీసులో కోడ్‌లో తప్పులు వెతికేవాడినే, ఇంత ఓపిక నాకు లేదు.

రంగు విషయంలో మాత్రం వాదన జరిగింది. ట్యాంకుకు కొత్త రంగు, క్రోమియం అంతా కొట్టించాలని నా కోరిక. ట్యాంకు లోపలి తుప్పు తీయించు, బయట రంగు జోలికి పోవద్దు అన్నారు ఆయన. ఆ మెరూన్ రంగు మీద పాల క్యాను రాసుకున్న గీత అలాగే ఉంది. ఆయన మాటే నెగ్గింది. ఫ్రేమ్ కోసి, వెనక మడ్‌గార్డ్ పీకి ‘కేఫ్ రేసర్’ చేయించుకునే వాళ్లున్నారు. వాళ్లతో నాకు పేచీ లేదు గానీ, దానికి యెజ్డీ ఎందుకో తెలియదు. బండి ఆకారం మారితే ఆర్‌సీతో తంటా వస్తుంది, అది వేరే.

మొత్తం ఖర్చు, కొన్న ధరతో కలిపి లక్షా పద్దెనిమిది వేలయింది. ఆ డబ్బుతో మంచి కొత్త బండే వస్తుంది. మైలేజీ అడక్కండి.

నడపడంలో కూడా కొన్ని కొత్తగా నేర్చుకోవాలి. లీటరు పెట్రోల్‌కు 40 మిల్లీలీటర్ల ఆయిల్ అని భాయ్ లెక్క. సీసా, కొలత గ్లాసు ఎప్పుడూ బండిలోనే ఉంటాయి. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీలుస్తుంది. వారాల తరబడి బండి పెట్టేస్తే ట్యాంకులో తుప్పు, పాత రబ్బరు వాషర్లు ఉబ్బడం మామూలే. అందుకే ఆపేముందు పెట్రోల్ కాక్ మూసి, కార్బురేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా ఇంజిన్ ఆన్‌లోనే ఉంచుతాను. హార్స్‌లీ హిల్స్ ఎక్కేటప్పుడు భయం వేసింది గానీ, అసలు జాగ్రత్త దిగేటప్పుడట. ఘాట్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా మూసి గేర్‌లో దిగితే పెట్రోల్ రాదు, దాంతో ఆయిలూ రాదు. ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మధ్యమధ్యలో కాస్త రేజ్ ఇవ్వాలి. ఈ మాట నాకు ఏ వీడియోలోనూ దొరకలేదు.

భాయ్ పెద్ద కొడుకు బెంగళూరులో క్యాబ్ నడుపుతాడు, చిన్నవాడు గల్ఫ్‌లో ఉన్నాడు. షెడ్డులో పనికి చేరిన కుర్రాళ్లు ఆరు నెలలు ఉండి, స్కానర్ పెట్టి చూసే బీఎస్ 6 బండ్ల షోరూములకు వెళ్లిపోతారు. వాళ్లను తప్పుపట్టలేం, అక్కడ నెల జీతం వస్తుంది. ఆయన నోటుబుక్కు రాసే మనిషి కాదు. పుల్ల, బీడీ కాగితం పని నేను ఫోన్‌లో మూడు కోణాల్లో తీసిపెట్టుకున్నాను. ‘చెవితో వినేదాన్ని యెట్ల తీస్తావు?’ అని నవ్వారు. కిందటి నెల ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. అప్పట్నుంచి నెలకు ఒక్క బండే ఒప్పుకుంటున్నారు.

పోయిన ఆదివారం వెళ్తే షెడ్డు బయట వేపచెట్టు కింద ఎర్ర యెజ్డీ నిలబెట్టి ఉంది. కుప్పంలో నేను చూసిందే. ఎవరో తొంభై వేలకు కొన్నారట, గేర్ జారుతోందని తెచ్చారు. కొన్నాయన కాగితాల కోసం అమ్మినాయన ఇంటిచుట్టూ తిరుగుతున్నాడు. భాయ్ ఇంకా పానా తీయలేదు.