కోతిపిల్లను ఇంట పెంచుకోవచ్చునా?

ఆవును, కుక్కను, పిల్లిని, కోళ్ళను పెంచుకునే కుటుంబాలు మనకు కొత్త కాదు. కాని ఈమధ్య పట్టణాల్లో మరొక సరదా బయలుదేరింది. సెల్‌ఫోనులో చూసిన విదేశీ కోతిపిల్ల కావాలని పిల్లలు మారాం చేస్తున్నారు. పాలసీసా నోట పెట్టుకున్న చింపాంజీ పిల్ల, చొక్కా తొడుక్కున్న కాపుచిన్ కోతి, అరచేతిలో ఇమిడిపోయే మార్మొసెట్ - వీటిని చూస్తే ఎవరికైనా ముద్దు వస్తుంది. చేతిలో డబ్బున్న తండ్రి "పోనీలే, పిల్లల సంతోషమే కదా" అనుకుంటాడు. ఇందులో తప్పేముంది? ప్రేమగా చూసుకుంటే చాలదా? ఈ ప్రశ్నను ఈ నెల మన కుటుంబాల ముందు ఉంచుతున్నాము.

ఈ సరదా నేటిది కాదు. సొలొమోను ఓడలు మూడేళ్ళకొకసారి బంగారము, వెండి, దంతములతోపాటు కోతులను, నెమళ్ళను కూడా తెచ్చేవని రాజుల మొదటి గ్రంథం పదవ అధ్యాయంలో చదువుతాము. ఆ పట్టికలో కోతి ఎక్కడున్నదో గమనించండి. బంగారం పక్కన, ఖరీదైన సరుకుల వరుసలో ఉన్నది. దూరదేశపు కోతి అంటే ఐశ్వర్యానికి గుర్తు. ఆ గుర్తు ఇప్పటికీ చెరిగిపోలేదు. 2013 మార్చిలో ప్రసిద్ధ గాయకుడు జస్టిన్ బీబర్ తన కాపుచిన్ పిల్లను విమానంలో జర్మనీకి తీసుకువెళ్ళాడు. సరైన కాగితాలు లేనందున మ్యూనిక్‌లో కస్టమ్స్ వారు దాన్ని స్వాధీనపరచుకున్నారు. గడువులోగా కాగితాలు రాలేదు. ఇంకా తల్లి వీపును అంటిపెట్టుకొని ఉండవలసిన ఆ పసికూన చివరకు జర్మనీలోనే ఒక జంతువుల పార్కుకు చేరింది.

తల్లి ఒడి నుండి

"కాకి పిల్ల కాకికి ముద్దు" అంటారు పెద్దలు. కోతిపిల్ల అంతకంటె ఎక్కువగా తన తల్లికి ముద్దు. చింపాంజీ పిల్ల నాలుగైదేళ్ళు తల్లిపాలు తాగుతుంది. ఒరంగుటాన్ తల్లి ఒక కాన్పుకూ మరొక కాన్పుకూ మధ్య ఏడెనిమిదేళ్ళు ఎడం ఇస్తుంది. ఆ కాలమంతా ఏ పండు తినవచ్చో, ఏ కొమ్మ బరువు ఆపుతుందో, రాత్రికి ఆకులతో పడక ఎలా అల్లుకోవాలో తల్లిని చూసే బిడ్డ నేర్చుకుంటుంది.

అటువంటి తల్లి బిడ్డను ఊరకే వదలదు. అందుకే అడవిలో పిల్లను పట్టేవాళ్ళు ముందు తల్లిని కాల్చి చంపుతారు. చింపాంజీలు గుంపుగా బ్రతుకుతాయి గనుక, పిల్లను కాపాడబోయిన మరికొన్ని పెద్ద జంతువులు కూడా ప్రాణాలు పోగొట్టుకుంటాయి. పట్టిన పిల్లల్లో దారిలోనే చనిపోయేవి ఎన్నో. సంతలో చేతికి వచ్చిన ఒక పిల్ల వెనుక ఎన్ని శవాలున్నాయో కొనేవాడికి కనిపించదు.

జేన్ గుడాల్ అనే శాస్త్రవేత్త 1960లో టాంజానియాలోని గోంబే అడవికి వెళ్ళి చింపాంజీలను గమనించడం మొదలుపెట్టింది. అక్కడ ఫ్లో అనే ముసలి తల్లి 1972లో చనిపోయింది. దాని కొడుకు ఫ్లింట్‌కు అప్పటికి సుమారు ఎనిమిదేళ్ళు. తన తిండి తాను వెదుక్కోగల వయసే. అయినా తల్లి పోయిన తరువాత అది తిండి మానేసింది, తోటివాటికి దూరంగా కూర్చుంది. నెల తిరగకముందే అది కూడా చనిపోయింది.

1950లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త మన దేశపు రీసస్ జాతి కోతిపిల్లలపై ప్రయోగాలు చేశాడు. తల్లి నుండి వేరుచేసిన పిల్లల దగ్గర రెండు బొమ్మలు పెట్టాడు. ఒకటి ఇనుప తీగది, దానికి పాలసీసా ఉంది. రెండవది మెత్తని గుడ్డ చుట్టినది, దాని దగ్గర పాలు లేవు. పిల్లలు ఆకలి తీరేవరకు తీగబొమ్మ దగ్గర ఉండి, మిగిలిన సమయమంతా గుడ్డబొమ్మనే కరచుకొని ఉండేవి. పూర్తిగా ఒంటరిగా పెంచిన పిల్లలు ముందుకూ వెనుకకూ ఊగుతూ, తమ ఒంటిని తామే కొరుక్కొనేవి. అలా పెరిగిన ఆడకోతులు తరువాత తల్లులైనప్పుడు సొంత బిడ్డలను దగ్గరకు తీయలేకపోయాయి, కొన్ని వాటిని గాయపరిచాయి కూడా. ఆ ప్రయోగాలు క్రూరమైనవని ఎందరో విమర్శించారు, అది న్యాయమే. కాని పెంపుడు కోతుల వ్యాపారంలో నేటికీ జరుగుతున్నది దాదాపు అదే. మనుషులకు మాలిమి కావాలని పుట్టిన కొద్దిరోజులకే పిల్లను తల్లి నుండి లాగేస్తారు.

పసితనం దాటిన తరువాత

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ట్రావిస్ అనే చింపాంజీ ఉండేది. ఒక కుటుంబం దానిని పసిగుడ్డుగా కొని కన్నబిడ్డలా పెంచింది. అది బట్టలు వేసుకునేది, పళ్ళు తోముకునేది, బల్ల దగ్గర కూర్చుని భోంచేసేది. ఊరివాళ్ళందరికీ అది తెలుసు. 2009 ఫిబ్రవరి 16న, పదమూడేళ్ళ వయసులో, సుమారు 90 కిలోల బరువున్న ఆ జంతువు యజమానురాలి స్నేహితురాలి మీద విరుచుకుపడింది. ఆమె కొత్త మనిషి కాదు, ఎన్నో ఏళ్ళుగా దానికి తెలిసినవారే. ఆమె రెండు చేతులు, కంటిచూపు, ముఖం పోగొట్టుకున్నారు. బిడ్డలా పెంచిన యజమానురాలే దాన్ని ఆపడానికి కత్తితో పొడవవలసి వచ్చింది. చివరకు పోలీసులు కాల్చగా ట్రావిస్ చనిపోయింది. బాధితురాలికి 2011లో ముఖమార్పిడి శస్త్రచికిత్స జరిగింది.

ఇందులో దోషి ఎవరు? చింపాంజీ మోసం చేయలేదు. ఎదిగిన మగ చింపాంజీ తన గుంపులో ఎలా ప్రవర్తిస్తుందో అలాగే ప్రవర్తించింది. దాని గుంపు మనుషులు కావడమే వచ్చిన చిక్కు. పసితనంలో ఒడిలో పడుకున్న జంతువు యుక్తవయసు రాగానే పెత్తనం కోసం పోరాడుతుంది. అప్పుడు యజమానులు చేసేది ఏమిటి? కొందరు దాని పళ్ళు పీకిస్తారు. కొందరు మెడకు గొలుసు వేస్తారు. ఎక్కువమంది బోనులో పెట్టి తాళం వేస్తారు. కాపుచిన్ కోతి మనుషుల సంరక్షణలో 40 ఏళ్ళు కూడా బ్రతుకుతుంది, చింపాంజీ 50 ఏళ్ళు దాటవచ్చు. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి పుట్టినరోజు కానుకగా ఇచ్చిన కాపుచిన్, ఆ పిల్లవాడు పెళ్ళాం బిడ్డలతో సంసారం చేసుకునే నాటికి కూడా ఆ ఇంట్లోనే ఉంటుంది. ముచ్చట నాలుగేళ్ళలో తీరిపోతుంది, బోను మాత్రం మిగులుతుంది.

తైవాన్‌లో ఒక దేశమంతా ఈ పాఠం నేర్చుకుంది. 1980లలో ఒక టెలివిజన్ కార్యక్రమంలో ఒరంగుటాన్‌ను మనిషికి తోడుగా చూపించారు. ఆ సరదాతో వందలాది ఒరంగుటాన్ పిల్లలు దొంగచాటుగా ఆ ద్వీపానికి చేరాయి. 1989లో వన్యప్రాణుల చట్టం వచ్చింది. ఈలోగా పిల్లలు పెద్దవై, బలం పెరిగి, ఇళ్ళలో ఇమడలేకపోయాయి. వాటిని వదిలించుకోవాలని చూసిన కుటుంబాలెన్నో.

చిన్న కోతులైతే?

"చింపాంజీ సంగతి సరే, పిడికెడంత మార్మొసెట్ ఎవరినేం చేస్తుంది?" అని అడగవచ్చు. అది మనకు చేసేదానికంటె మనము దానికి చేసే కీడే ఎక్కువ.

మార్మొసెట్లు బ్రెజిల్ దేశపువి. వాటికి సాధారణంగా కవలలు పుడతారు. పాలిచ్చే వేళ తప్ప మిగతా సమయంలో ఆ కవలలను వీపున మోసేది తండ్రి, అన్నలు, అక్కలు. మార్మొసెట్ అంటేనే ఒక ఉమ్మడి కుటుంబం. అందులోనుండి ఒకదాన్ని తెచ్చి గదిలో పెడితే అది పిలుస్తూనే ఉంటుంది, బదులు పలికేవారుండరు. ఎండ సోకకపోయినా, తగిన విటమిన్ డి అందకపోయినా దాని ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. మన పెదవులమీద వచ్చే జ్వరపు పొక్కుల వైరస్ మనకు నాలుగు రోజుల బాధ, మార్మొసెట్‌కు మాత్రం ప్రాణాంతకం. ముద్దుగా పెట్టిన ముద్దే దాన్ని చంపగలదు. అటునుండి ఇటు వచ్చే జబ్బులూ ఉన్నాయి. రీసస్ వంటి కోతుల్లో ఉండే బి వైరస్ కాటు ద్వారా మనిషికి సోకితే మెదడు వాచి చనిపోయే ప్రమాదం ఉన్నది.

ఆగ్నేయాసియాలోని స్లో లోరిస్ కథ వినండి. చంకలో చక్కిలిగిలి పెడితే చేతులు పైకెత్తే లోరిస్ దృశ్యాన్ని 2009 నుండి లక్షలమంది చూసి నవ్వుకున్నారు. అది చక్కిలిగిలికి సంతోషించి చేతులెత్తలేదు. దాని మోచేతి దగ్గర ఒక గ్రంథి ఉంది. ఆ స్రావాన్ని ఉమ్మితో కలిపి విషంగా వాడుకోవడానికి, భయంతో అది చేతులెత్తుతుంది. కాటు వేయకుండా వ్యాపారులు దాని పళ్ళను మత్తు ఇవ్వకుండా గోళ్ళకత్తెరతో కత్తిరిస్తారు. పుండ్లు పడి ఎన్నో చనిపోతాయి.

దాని దగ్గరి చుట్టం మన అడవుల్లోనూ ఉంది. మనం దేవాంగపిల్లి అని పిలిచేది అదే. పేరులో పిల్లి ఉన్నా అది వానరాల కోవకు చెందినదే. మూఢనమ్మకాలతో, చేతబడి కోసం, నాటుమందుల కోసం దాన్ని పట్టి హింసించినవారు మనవాళ్ళే. తమిళనాడు ప్రభుత్వం 2022లో కడవూరు ప్రాంతంలో దేవాంగపిల్లి కోసం ప్రత్యేకంగా ఒక అభయారణ్యాన్ని ప్రకటించింది.

చట్టం ఏమంటున్నది?

కోతిజాతులన్నీ సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందికి వస్తాయి. భారతదేశం 1976లో అందులో చేరింది. మన దేశపు దేవాంగపిల్లి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని పట్టుకున్నవారికి మూడు నుండి ఏడేళ్ళ జైలు. కోతులను ఆడించి ప్రదర్శించడాన్ని 1998లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది.

విదేశీ జంతువుల విషయంలో చాలాకాలం మన చట్టంలో సందు ఉండేది. 2022లో చట్టాన్ని సవరించారు, అది 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం, అటువంటి జంతువు ఉన్నవారు పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా, చనిపోయినా, చేతులు మారినా తెలియజేయాలి.

దొంగరవాణా మాత్రం ఆగలేదు. బాంకాక్ నుండి వచ్చే ప్రయాణికుల పెట్టెల్లో కుక్కిన గిబ్బన్‌లను, మార్మొసెట్‌లను చెన్నై, ముంబయి వంటి విమానాశ్రయాల్లో కస్టమ్స్ వారు పట్టుకుంటూనే ఉన్నారు. 2019లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ పశ్చిమబెంగాల్‌లో ఒక కేసులో మూడు చింపాంజీలను, నాలుగు మార్మొసెట్‌లను ఆస్తిగా జప్తు చేసింది. చింపాంజీ ఒక్కొక్కటి 25 లక్షలు, మార్మొసెట్ ఒక్కొక్కటి లక్షన్నర రూపాయలుగా లెక్కకట్టారు. మళ్ళీ సొలొమోను ఓడల పట్టికే!

చట్టం నమోదు అడుగుతుంది. జంతువు తల్లి ఏమైందని అడగదు. చట్టబద్ధమైనదంతా ధర్మబద్ధం కాదు గనుక, కాగితాలు సరిగా ఉన్నంతమాత్రాన మన మనస్సాక్షి పని అయిపోదు. ఇంగ్లండు ఒక అడుగు ముందుకు వేసింది. 2024లో చేసిన నిబంధనల ప్రకారం, 2026 ఏప్రిల్ 6 నుండి జంతు ప్రదర్శనశాలల స్థాయి సంరక్షణ చూపి లైసెన్సు పొందనిదే ఎవరూ అక్కడ వానరాలను ఉంచుకోకూడదు.

సాధారణంగా వినిపించే మూడు మాటలు

"ఇది అడవిలో పట్టినది కాదు, బోనులోనే పుట్టింది." నిజమే కావచ్చు. కాని కుక్క వేల తరాలుగా మనిషి నీడలో మారుతూ వచ్చింది. బోనులో పుట్టిన కోతికి అటువంటి మార్పేమీ రాలేదు. అది ఇంకా గుంపునే కోరుకుంటుంది, చెట్టునే వెదుక్కుంటుంది. పైగా దొంగ సరుకును "ఇక్కడే పుట్టింది" అని కాగితాలు సృష్టించి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలు.

"అనాథ పిల్లను జాలిపడి కొన్నాము." జాలి మంచిదే. కాని మీరిచ్చిన డబ్బు అమ్మినవాడి చేతికి వెళ్ళింది. అతడు దానితో మరొక తల్లిని కాల్చడానికి మనిషిని పంపుతాడు. అటువంటి పిల్ల కనిపిస్తే కొనకండి, అటవీశాఖ వారికి తెలియజేయండి.

"మా ఇంట్లో దానికి ఏ లోటూ లేదు." పట్టుపరుపు, ఖరీదైన పండ్లు, చల్లని గది - ఇవి మన లెక్కలో లోటు లేకపోవడం. తన జాతిలో ఒక్కదాన్నీ జీవితకాలంలో ముట్టుకోకపోవడం దాని లెక్కలో లోటు.

తల్లిదండ్రులకు

ఇంట్లో పిల్లలు కోతి కావాలని అడిగితే కసరకండి. వారితో కూర్చుని ఆ దృశ్యాన్ని మళ్ళీ చూడండి. "దీని అమ్మ ఎక్కడుందో?" అని అడగండి. పిల్లలు జవాబు వెదకడం మొదలుపెడతారు. ముచ్చటైన దృశ్యాలను మరొకరికి పంపకండి, ప్రతి మెచ్చుకోలూ వ్యాపారికి బేరం తెస్తుంది. హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో, విశాఖపట్నం ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాలలో జంతువుల పోషణ ఖర్చు భరించే దత్తత పథకాలున్నాయి. పిల్లల పుట్టినరోజు డబ్బు అటువంటి పనికి ఇవ్వవచ్చు.

ఇప్పటికే విదేశీ కోతి ఇంట్లో ఉన్నవారు దాన్ని అడవిలోనో, ఊరి చివరనో వదిలిపెట్టకండి. ఆ అడవి దానిది కాదు, ఆకలితోనో కుక్కల నోటనో చనిపోతుంది. అటవీశాఖను సంప్రదించి, వానరాల జబ్బులు తెలిసిన పశువైద్యునికి చూపించి, వీలైతే తనవంటి వాటితో కలిసి బ్రతికే చోటికి చేర్చండి. అక్కడికి చేర్చడం కూడా ప్రేమలో భాగమే. దాన్ని పంపిన రోజున మీ పిల్లలు ఏడుస్తారు. ఏడవనివ్వండి. అది తన జాతి మధ్యకు వెళుతున్నదని చెప్పండి, వీలైతే తరువాత ఒకసారి తీసుకువెళ్ళి చూపించండి.