ఫ్రెంచిలో 'నా', 'నీ', 'అతని', 'ఆమె'

నేను ఫ్రెంచి పండితుణ్ణి కాను. బీకాం చదివి, బ్యాంకులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. కామాటిపురాలో మా చాల్‌లోని ఒక అమ్మాయి మార్కులు బాగా వస్తాయని జూనియర్ కాలేజీలో ఫ్రెంచి తీసుకుంది. మొదటి పరీక్షలోనే తప్పింది. ఇంట్లో చెప్పేవారు లేరు, ట్యూషన్‌కు డబ్బు లేదు. కాలేజీ మానేస్తానంది. ఆమె పుస్తకం ముందేసుకుని నేనూ కూర్చున్నాను. అలా తెలిసిన నాలుగు మాటలు ఇవి.

తెలుగులో 'నా' మారదు: నా పుస్తకం, నా చెల్లెలు, నా స్నేహితులు. ఫ్రెంచిలో తర్వాతి మాటను బట్టి మారుతుంది. పుంలింగమైతే మోఁ, స్త్రీలింగమైతే మా, బహువచనమైతే మే. (సున్న గుర్తున్నచోట ముక్కుతో పలకాలి.) 'మోఁ పేర్' అంటే నా పేరు కాదు, మా నాన్న! 'మా మేర్' అంటే మా అమ్మ. 'మే పరాఁ' అంటే అమ్మానాన్నలు. 'నీ'కి ఇదే వరుసలో తోఁ, తా, తే.

చిక్కంతా సోఁ, సా, సే దగ్గర. 'అతని', 'ఆమె' అని మనం చూసేది ఎవరిదన్న సంగతి. ఫ్రెంచికి అది పట్టదు. అన్న అబ్బాయికైనా, అమ్మాయికైనా 'సోఁ ఫ్రేర్' అనాలి. ఈ అమ్మాయి, ఆడపిల్ల అన్న కదా అని 'సా ఫ్రేర్' అని రాసి మార్కులు పోగొట్టుకుంది. "ఉస్‌కా భాయీ, ఉస్‌కీ బహన్ అనవా?" అని అడిగాను. "తాతా, ఇది మన గల్లీ హిందీలాగే ఉందే!" అంది. నిజమే, సూత్రం ఒక్కటే.

ఒక మినహాయింపు ఉంది. స్త్రీలింగ పదమైనా అచ్చు శబ్దంతో మొదలైతే 'మా' బదులు 'మోఁ' వస్తుంది. నా బడి అనడానికి 'మోనెకోల్' అంటారు.

'మా', 'మన' రెండింటికీ నోత్ర్, 'మీ'కి వోత్ర్, 'వాళ్ల'కు లర్. వీటికి లింగభేదం లేదు. బహువచనంలో నో, వో అవుతాయి; లర్ పలుకు మారదు, రాతలో చివర ఎస్ చేరుతుంది.

నిత్యం వాడేవి: బోఁజూర్ అంటే నమస్కారం, మెర్సీ అంటే కృతజ్ఞతలు, పెద్దలతో 'దయచేసి' అనడానికి సిల్ వూ ప్లే. మన నువ్వు, మీరు లాగే వారికి తు, వూ ఉన్నాయి. మేష్టారితో 'వూ' అనే అనాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ భాష మనవాళ్లకు అందనిదేమీ కాదు. మన తెలుగువారి యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలోనే ఉంది. మీకు రాకపోయినా రోజూ పావుగంట పిల్లల చేత పైకి చదివించి వినండి. ఆ అమ్మాయి కాలేజీ మానలేదు. తర్వాతి పరీక్షలో గట్టెక్కింది.